మూగ డబ్బా

గుణుపురం
3 ఏప్రిల్ 1997

ఒరేయ్ ఐజాకూ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు రాశావు. అందులో మూడున్నర పేజీలు ఆ పాత కంప్యూటరు గురించే. సుగుణ మోకాలు నొప్పి తగ్గిందో లేదో ఒక్క ముక్క లేదు. పన్నెండేళ్ళ కిందట ప్రభుత్వం మీ బడికిచ్చిన యంత్రాన్ని హెడ్మాస్టరు పాత సామాన్లలో పారేస్తే, నువ్వు సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నావు. దానికి తెర లేదని ఇంట్లో ఉన్న ఒక్క టీవీకి తగిలించావు. ఆదివారం సీరియల్ చూసుకోవాల్సిన పిల్ల నల్ల తెర మీద తెల్ల అంకెలు చూస్తూ కూర్చుంటోంది. సుగుణకి నీతో ఈ సంబంధం కుదిర్చింది నేనే కదా అని అప్పుడప్పుడు బాధపడుతుంటాను.

ఊరికే దెప్పడానికి రాయలేదు. నీతో పని పడింది.

ఆ కంప్యూటరు మీద కూర్చుని చిటికెన వేలంత చిప్పుకి పాఠం చెప్పి, అది ఒంటరిగా పని చేసుకునేలా చేస్తానంటావు కదా. ఇంతవరకు ఏం చేయించావు? క్రిస్మస్ నక్షత్రంలో బల్బులు వరసగా వెలిగించావు. మీ బడి గంట దానంతటదే మోగేలా చేస్తానని, పదకొండింటికే పిల్లలందరినీ ఇళ్ళకి పంపించావు. ఇప్పుడు మనుషులకి పనికొచ్చేది ఒకటి చెయ్యి.

మా ఆసుపత్రిలో టీకా మందుల ఫ్రిజ్ ఉంది. మందులు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. నిరుడు మే నెలలో రెండు రోజులు కరెంటు పోయి, ఎవరమూ చూసుకోక, మొత్తం పాడైపోయాయి. ఇన్‌చార్జి సిస్టరుని నేను కాబట్టి మాట పడిందీ నేనే. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఫ్రిజ్‌ని రాయగడ తీసుకుపోతామని పైవాళ్ళు కాగితం మీద రాసి మరీ పంపారు. కొండ మీది సవర తల్లులు చంకలో బిడ్డనెత్తుకుని రాయగడ దాకా పోతారా? పోరు. టీకాలు మానేస్తారు. వాళ్ళని బుధవారం బుధవారం ఇక్కడికి రప్పించుకోవడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. అది నా కళ్ళ ముందే పోతే నేను తట్టుకోలేను.

కాబట్టి ఫ్రిజ్ వేడెక్కితే అరిచే డబ్బా ఒకటి చేసి పంపు.

ఫోను చెయ్యకు. ఇక్కడి ఎస్టీడీ బూత్‌లో లైన్లు బొత్తిగా బాగుండవు, అవతలి మనిషి ఏమంటున్నాడో తెలిసి చావదు. కొత్త పాస్టరుగారూ అంతే, పెదాలు కదుపుతారు, మాట బయటికి రాదు. ఈ మధ్య ఎవరికీ గొంతు విప్పి మాట్లాడే ఓపిక లేదు. ఉత్తరమే రాయి.

సుగుణకి నా ముద్దులు, నీకు మొట్టికాయలు.
యూనిస్


కొరాపుట్
21 ఏప్రిల్ 1997

అక్కకి వందనాలు.

సుగుణ మోకాలు బాగానే ఉంది. నీ ఉత్తరం నాకంటే ముందు తనే చదివేసి, "ఒదినగారికైనా తెల్సింది నా బాద" అని రోజంతా నవ్వుతూనే ఉంది. బడి గంట సంగతి మాటిమాటికీ ఎత్తకు. అది ఒక్క అంకె తప్పు. పిల్లలు మాత్రం ఆ రోజుని తలుచుకుని ఇప్పటికీ నాకు ప్రత్యేకంగా నమస్కారాలు పెడుతున్నారు.

డబ్బా పంపుతున్నాను. మా బడి గుమస్తా గున్నయ్య అత్తవారిది మీ ఊరే. పెళ్ళికి వస్తున్నాడు, అతని చేతికిచ్చాను. మూత తీస్తే లోపల చిప్పు కనిపిస్తుంది. దాని నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది, దాని మీద నల్ల కాగితం అంటించాను. పీకకు. చిప్పులో మనం రాసిన పాఠం ఎండ తగిలితే చెరిగిపోతుంది. అలా చెరిపే మళ్ళీ కొత్త పాఠం రాస్తాం. డబ్బాలోంచి వచ్చే తీగ చివర బుడిపె ఉంది. అది ఫ్రిజ్ లోపల ఉండాలి. డబ్బా బయట ఉండాలి. కరెంటు పోయినా పని చెయ్యాలి కనక టార్చిలైటు బ్యాటరీలతో నడిచేలా చేశాను, అవి విడిగా కట్టి ఇచ్చాను, నువ్వే వేసుకో.

పరీక్ష చాలా తేలిక. బుడిపెని ఐసులో కాసేపు ఉంచి తీసి, పిడికిట్లో పట్టుకో. అర నిమిషంలో ఎర్ర దీపం వెలుగుతుంది, డబ్బా కూత పెడుతుంది. పక్క వీధిలో కుక్కలు లేస్తాయి.

మోగిందా లేదా, అదొక్కటీ వెంటనే రాయి అక్కా. ఇంట్లో, బడిలో, చర్చిలో ఇన్నేళ్ళుగా నా తీగలు చూసి నవ్వినవాళ్ళే గానీ నాకిది కావాలి చేసిపెట్టు అని అడిగినవాళ్ళు లేరు. మొదట అడిగింది నువ్వే.

నీ జవాబు కోసం పోస్టుమాన్‌ని పీక్కుతినబోయే
ఐజాక్


గుణుపురం
2 మే 1997

ఐజాకూ,

నీ డబ్బా మూగది.

నలుగురిలో పెడితే నీ పరువు పోతుందేమోనని నా క్వార్టరులోనే, తలుపులు వేసుకుని, ఒక్కదాన్నే పరీక్ష చేశాను. ఐసులోంచి తీసిన బుడిపెని పిడికిట్లో పట్టుకున్నాను. ఎర్ర దీపం వెలిగింది. నా చెయ్యి చెమట పట్టింది. డబ్బా నోరు విప్పలేదు. వేడి టీ గ్లాసుకి ఆనించాను. దీపం వెలుగుతూనే ఉంది, కూత మాత్రం లేదు. పక్క వీధిలో కుక్కల మాట అటుంచి, నా ఒళ్ళో పడుకున్న పిల్లి తెల్లబోయి లేచి పోయింది తప్ప ఇంకెవరూ కదల్లేదు. అదీ నా మొహం చూసి విసుగెత్తి పోయి ఉంటుంది.

గున్నయ్య వెళ్ళేటప్పుడు డబ్బాని తిరిగి పంపుతున్నాను. ఆ మనిషి మంచివాడు గానీ మాట నోట్లోనే నమిలి మింగేస్తాడు. ఏమడిగినా తలూపాను. ఆయన అత్తవారింటికి భోజనానికి ఒప్పుకున్నానో ఏమో తెలియదు.

వేసవి మొదలైంది. రోజుకి నాలుగుసార్లు నేనే వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి థర్మామీటరు చూస్తున్నాను. తొందరగా బాగు చెయ్యి.

యూనిస్ అక్క


కొరాపుట్
18 జూన్ 1997

అక్కా,

నువ్వు గున్నయ్య అత్తవారింటి భోజనానికి ఒప్పుకున్నావు. వాళ్ళు పనసకాయ కూర వండుకుని నీ కోసం మూడు గంటల దాకా కూర్చున్నారు. గున్నయ్య ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇంకో సంగతి. డబ్బా ఇక్కడ మోగుతోంది. మే నెలంతా దాని మీదే కూర్చున్నాను. యాభై సార్లు చూశాను. యాభై సార్లూ మోగింది. సుగుణ చెవులు మూసుకుని, "అది బాగుంది గానీ నువ్వే బాగునేవు, కట్టెయ్యి" అని వంటింట్లోంచి అరిచింది. నా దగ్గర కూసేది నీ దగ్గర నోరు మెదపదంటే నాకే అర్థం కావడం లేదు. బస్సు కుదుపులకి ఏదో వదులైందేమో. మీ ఊరి వేడికి చిప్పుకి తిక్క పుట్టిందేమో.

ఏమైనా పాఠం మొత్తం మార్చి రాస్తాను. ఈసారి కూతని ఇంకా సన్నగా, సూదిలా చేస్తాను. సన్నటి శబ్దం బాగా దూరం పోతుంది. అయితే ముందు చిప్పులో ఉన్నది చెరగాలి. దానికి వారం రోజుల ఎండ కావాలి. ఇక్కడ పదిహేను రోజులుగా సూర్యుడు లేడు. బట్టలే ఆరడం లేదు, చిప్పు ఎక్కడ చెరుగుతుంది? ఇంకో చిప్పు కొందామంటే విశాఖపట్నం పోవాలి. అందుకని చిప్పుని అగ్గిపెట్టెలో పెట్టి రిజిస్టరు పోస్టులో నీకు పంపుతున్నాను. మీకు వానకీ వానకీ మధ్య ఎండ మాడుస్తుంది కదా. వారం రోజులు డాబా మీద ఎండబెట్టి పంపు. నల్ల కాగితం తీసేశాను.

ఎండని కూడా నీ దగ్గరే అప్పడుగుతున్న
తమ్ముడు


గుణుపురం
1 జూలై 1997

ఐజాకూ,

నీ చిప్పుని వారం కాదు, తొమ్మిది రోజులు ఎండబెట్టాను. వానొచ్చిన రెండు రోజులూ లెక్కలోంచి తీసేశాను. ఇంతకంటే శ్రద్ధగా ఎవరూ ఎండబెట్టరు.

పొద్దున్నే గుమ్మడి వడియాల పక్కన అదే చేటలో పెట్టేదాన్ని. దుమ్ము పడిందని ముందు స్పిరిట్‌తో తుడిచాను. కాకి ఎత్తుకుపోతుందని పల్చటి గుడ్డ కప్పాను. మధ్యాహ్నం వడియాలు తిరగేసేటప్పుడు దాన్నీ తిరగేసేదాన్ని, రెండో వైపు పచ్చిగా ఉండిపోతుందని. సాయంత్రం చెమ్మ తగలకుండా లోపలికి తెచ్చేదాన్ని. మా అటెండరు సన్యాసయ్య రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు ఉండబట్టలేక, "అమ్మా, ఈ జెర్రిపిల్లని ఏటికి ఎండేస్తన్నారు, మందుకా?" అన్నాడు. దాని కాళ్ళు చూసి జెర్రి అనుకున్నాడు. కాళ్ళు ఇరవై ఎనిమిదీ ఉన్నాయి, లెక్కపెట్టి పంపుతున్నాను. ఒకటి కొంచెం వంగింది, పటకారుతో సరిచేశాను.

మొన్న గంటన్నర కరెంటు పోయింది. అదృష్టం, నేను అక్కడే ఉన్నాను. నేను లేనప్పుడు పోతే నాకెవరు చెప్తారు? ఆ ఇందుమతి కొత్తగా వచ్చిన నర్సు, పిల్ల మంచిదే, కానీ నోట్లో అన్నం పెట్టుకున్నట్టు మాట్లాడుతుంది. ఏం చెప్పినా రెండుసార్లు అడగాలి.

వడియాలు కూడా కొన్ని పంపుతున్నాను. చిప్పుకీ వాటికీ తేడా తెలుసుకుని వేయించుకోండి.

అక్క


కొరాపుట్
10 జూలై 1997

మహాతల్లీ,

చిప్పుని తిరగేశావా?

ఆ వాక్యం చదివి సుగుణ మంచం మీద పడి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. దానికి ఉన్నది ఒక్కటే కిటికీ అక్కా, నెత్తి మీద. పొద్దున్నంతా నువ్వు కిటికీకి ముసుగు వేశావు, మధ్యాహ్నం మంచి ఎండలో దాన్ని బోర్లా పడుకోబెట్టి కడుపుకి కాపడం పెట్టావు. పాఠంలో ఒక్క అక్షరం చెరగలేదు. పాత పాఠం చెక్కుచెదరకుండా, పైగా శుభ్రంగా, గుమ్మడికాయ వాసనతో తిరిగొచ్చింది. ప్రపంచంలో ఈ చిప్పులు వాడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలియదు గానీ రెండో వైపు పచ్చిగా ఉండిపోతుందని దిగులు పడింది నువ్వొక్కదానివే.

స్పిరిట్‌తో తుడవడం ఒక్కటీ సరైన పని. చిప్పుని మళ్ళీ పంపుతున్నాను. కిటికీ పైకి ఉండాలి. గుడ్డ వద్దు. తిరగెయ్యొద్దు. వడియాలతో స్నేహం వద్దు. కాకి వస్తే సన్యాసయ్యని కాపలా పెట్టు.

వడియాలు బాగున్నాయి.

ఐజాక్


కొరాపుట్
30 జూలై 1997

అక్కా, కార్డే రాస్తున్నాను. చిప్పు ఈసారి పలకలా చెరిగి వచ్చింది, నీకు వంద మార్కులు. కొత్త పాఠం రాశాను. కూత ఎంత సన్నగా ఉందంటే నా పళ్ళు జివ్వుమన్నాయి. బస్సు కండక్టరు త్రినాథరావు చేతికి డబ్బా ఇచ్చాను. ఈసారి మోగకపోతే కంప్యూటరుని తిరిగి బడికిచ్చేసి సుగుణకి సీరియల్ పెట్టేస్తాను. ఒట్టు. ఐజాక్.


గుణుపురం
12 ఆగస్టు 1997

ఐజాకూ,

నీకు ఎలా రాయాలో తెలియక నాలుగు రోజులు ఊరుకున్నాను. మోగలేదురా. ఈసారీ అంతే. పిడికిట్లో పట్టుకున్నాను, ఎర్ర దీపం వెలిగింది, అంతే సంగతి.

నువ్వు ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు. కంప్యూటరుని తిరిగి ఇచ్చెయ్యకు, నేను ఏదో వేళాకోళానికి అన్నాను. నీ పిచ్చి నీకుండనీ. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉండాలి, ఇది తాగుడు కంటే నయం. డబ్బాని స్టోరు గది అలమరాలో పైన పెట్టేశాను. ఈసారి నువ్వొచ్చినప్పుడు తీసుకెళ్ళు. ఫ్రిజ్ సంగతి నేనే చూసుకుంటాను. ముందులాగే మధ్యాహ్నం నిద్ర మానేసి చూస్తాను.

ఇక్కడి విశేషాలు ఏమీ లేవు. వంశధార నిండుగా పారుతోంది. స్టోరు గదిలో కీచురాయి దూరిందని సన్యాసయ్య రెండు రోజులు పనీపాటా మానేసి వెతికాడు. "సెవులు తూట్లు పడిపోతన్నాయమ్మా, మీకు ఇనబడ్డం లేదేటి?" అంటూ పెట్టెలన్నీ జరిపాడు, ఫినాయిలు చల్లాడు. ఇందుమతి కూడా వాడికి తోడు, తలనొప్పి అని చెప్పి ఆ గదిలోకి రానంది. నేను వెళ్ళి నిలబడి చూశాను. కీచురాయీ లేదు, దాని తాతా లేడు. మూడో రోజుకి దానంతటదే ఊరుకుందట. పని ఎగ్గొట్టడానికి వీళ్ళకి రోజుకో వంక.

బెంగపెట్టుకోకు.

యూనిస్ అక్క


కొరాపుట్
21 ఆగస్టు 1997

అక్కకి వందనాలు.

డబ్బా సంగతి కొన్నాళ్ళు పక్కన పెడదాం. అలమరాలోనే ఉండనీ.

నాకు ఇంకో సాయం చెయ్యి. ఈ కంప్యూటరుకి ఉన్న గొప్పల్లో ఒకటి, ఎలాంటి శబ్దమైనా చేస్తుంది. దాని చేత శబ్దాలు చేయించి ఈ కేసెట్టులో పట్టాను. ముందు నేను నంబరు చెప్తాను, వెంటనే శబ్దం వస్తుంది. మొదట్లో ఎద్దు మూలిగినట్టుంటాయి, పోనుపోను సన్నబడతాయి. ఇరవై నంబర్లు. నీ టేప్‌రికార్డరులో వేసుకుని, వినిపించిన ప్రతి నంబరుకీ ఈ కాగితం మీద టిక్కు పెట్టు. ఇందుమతినీ సన్యాసయ్యనీ పిలవకు, ఒక్కదానివే విను. కేసెట్టు సరిగ్గా పట్టానో లేదో తెలుసుకోవడానికి.

వానలు తగ్గలేదు. మా ఇంట్లో నేల కూడా చెమ్మగిల్లింది. ఆరోగ్యం జాగ్రత్త. మధ్యాహ్నం కాసేపు పడుకో.

ఐజాక్


గుణుపురం
1 సెప్టెంబరు 1997

ఐజాకూ,

నీ కంప్యూటరు పాసైంది. ఇరవైకి ఇరవై. టిక్కులన్నీ పెట్టి కాగితం ఇందులో మడిచి పెట్టాను. కేసెట్టు దివ్యంగా వచ్చింది. పంతులు ఉద్యోగం చేసి చేసి నీ గొంతు మాత్రం గట్టిపడిపోయింది, నంబర్లు చెప్తుంటే హాజరు వేస్తున్నావనిపించింది. "ప్రెజెంట్ సార్" అనబోయాను.

ఈ నెలలో ఒక ఆదివారం రా, సుగుణని కూడా తీసుకురా. చేపలు బాగా వస్తున్నాయి.

యూనిస్


కొరాపుట్
8 సెప్టెంబరు 1997

అక్కా,

నువ్వు టిక్కు పెట్టిన ఏడో నంబరుకి శబ్దం లేదు. పదకొండో దానికీ లేదు. నేను పెట్టలేదు. నంబరు చెప్పి ఊరుకున్నాను.

నిన్ను ఏడిపించడానికి చేసింది కాదు. నిజమడిగితే చెప్పవని తెలిసి చేశాను. నాకు జ్వరమొచ్చినా, నీకు జ్వరమొచ్చినా "ఏం లేదు" అనే చెప్పడం నీకలవాటు.

స్టోరు గదిలో సన్యాసయ్య వెతికింది కీచురాయిని కాదు అక్కా, నా డబ్బాని. నువ్వు బ్యాటరీలు తియ్యకుండా అలమరాలో పెట్టావు. బుడిపె ఫ్రిజ్‌లో లేదు, గది వేడికి డబ్బా కూస్తూనే ఉంది. రెండు రోజులు కూసి, బ్యాటరీలు అయిపోయి ఊరుకుంది. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివినప్పుడు సుగుణ అన్నం వడ్డిస్తోంది. నేను తినలేకపోయాను. నీ దగ్గరికి వచ్చిన రెండుసార్లూ డబ్బా మోగింది. పైగా నేను తెలివితక్కువగా రెండోసారి కూతని ఇంకా సన్నగా చేశాను.

ఫోనులో, చర్చిలో, గున్నయ్యతో, అన్నిచోట్లా ఒకటే జరుగుతోంది కదా? ఎన్నాళ్ళనుంచి?

నేను ఎవరికీ చెప్పలేదు. సుగుణకి కూడా. కోపమొస్తే తిట్టు. కానీ జవాబు రాయి.

ఐజాక్


గుణుపురం
18 అక్టోబరు 1997

ఐజాక్,

నెల దాటింది, జవాబు రాయలేదు. ముందు కోపం వచ్చింది. నేను చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించినవాడు నాకే పరీక్ష పెట్టి, కాపీ కొట్టానని పట్టుకున్నాడే అని. ఆ కోపం పదిరోజులుంది. తర్వాతిది కోపం కాదు, సిగ్గు.

మూడేళ్ళనుంచి. నర్సింగు అయిన కొత్తలో వార్డులో నాకు టీబీ అంటుకుంది, నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. తొంభై సూదులు వేశారు. ఆ సూదులకి కొందరి చెవులు దెబ్బతింటాయని మాకు పాఠంలోనే ఉంది. అప్పటిదే ఇప్పుడు వయసుతో కలిసి ముదిరిందో, మరింకేమిటో నాకు తెలియదు. ముందు పిట్టలు పోయాయి. తర్వాత ఫోను పోయింది. తర్వాత ఆడవాళ్ళ మాటలు, చంటిపిల్లల గొంతులు పల్చబడిపోయాయి. మొహం చూస్తూ పెదాలు చదువుకుంటున్నాను. తల తిప్పుకుని మాట్లాడేవాళ్ళందరినీ నోట్లో నమిలేవాళ్ళంటున్నాను.

లావు శబ్దాలు వినిపిస్తాయి. బీపీ చూడగలను. గర్భిణి పొట్ట మీద గరాటులాంటి గొట్టం పెట్టి చెవి ఆనిస్తే బిడ్డ గుండె ఇప్పటికీ స్పష్టంగా వింటాను. అవి తప్పు రాయలేదు, ఆ మాట నువ్వు నమ్మాలి. కానీ చెవిటి సిస్టరు అని ఒకసారి పేరు పడితే ఇవన్నీ ఎవరు అడుగుతారు? రెస్టు తీసుకోమంటారు. నాకు ఆ బుధవారాలు తప్ప ఇంకేమీ లేవు. పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. ఆ తల్లులు "సిస్టరమ్మ ఉంటేనే" అని కొండ దిగుతారు. నేను భయపడ్డాను రా.

కేసెట్టు మళ్ళీ విన్నాను, ఈసారి నిజంగా. ఒకటి నుంచి ఆరు బాగా వినిపించాయి. ఏడు లేదు. ఎనిమిది, తొమ్మిది లీలగా. పది నుంచి నీ గొంతే. పద్నాలుగు అంటావు, ఆగుతావు. పదిహేను అంటావు, ఆగుతావు. ఆ మధ్యలో ఏదో ఉంది, అందరూ వింటారు, నాకు లేదు. పోయినసారి అక్కడ కూర్చునే టిక్కులు పెట్టాను. ఈసారి కూర్చుని ఏడ్చాను.

ఇదీ అసలు కాగితం. దిద్దుకో.

అక్క


కొరాపుట్
3 నవంబరు 1997

అక్కా,

దిద్దాను. పాసయ్యావు.

నువ్వు త్రినాథరావు బస్సులో తిప్పి పంపిన డబ్బాని మళ్ళీ పంపుతున్నాను, ఈసారి గున్నయ్య తనే తెస్తున్నాడు. నీకు వినపడదని చెప్పలేదు. మా అక్క పరాకు మనిషి అని చెప్పాను. కోపం తగ్గింది. ఈసారైనా వాళ్ళింట్లో భోంచెయ్యి, అతను మాట్లాడేటప్పుడు మొహం చూడు.

చిప్పుని ఇక్కడే ఎండబెట్టాను. దసరా దాటాక మాకూ సూర్యుడొచ్చాడు. నేనే దగ్గరుండి, తిరగెయ్యకుండా. పాఠంలో మార్చింది ఒక్క అంకే. నీ కాగితంలో నీకు బాగా వినిపించినవాటి నుంచి నాలుగో నంబరు తీసి పెట్టాను. ఇది కూత పెట్టదు, మూలుగుతుంది. సుగుణ విని, "ఏటిది, కడుపునొప్పి గేదెలాగ" అంది. నాకు సంతోషమేసింది.

ఇన్నాళ్ళూ శబ్దమంటే నాకు వినిపించేదే శబ్దమనుకున్నాను. సైన్సు మాస్టరుని, ఇది నాకు తట్టాల్సింది. డబ్బా మూగదన్నావు, నేను డబ్బానే విప్పి చూశాను గానీ నిన్ను ఒక్క మాట అడగలేదు. ఆరు నెలలు పోయాయి. క్షమించు.

ఎవరికైనా చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేను చెప్పమనను, వద్దనను. నువ్వు ఏం చేసినా నీ పక్కనే ఉంటాను.

ఐజాక్


గుణుపురం
27 నవంబరు 1997

ఐజాకూ,

నిన్న బుధవారం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న నలభై ముగ్గురు పిల్లలు. వరండా పట్టలేదు. మా ఆసుపత్రి డాక్టరమ్మ కూడా వచ్చింది. సూదులు పడుతున్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు, ఒకరిని చూసి ఒకరు. సన్యాసయ్య గుమ్మం దగ్గర నిలబడి, "ఒక్కొక్కలే రండి, తోసుకోకండి" అని ఒడియాలో ఒకసారి, సవరలో ఒకసారి అరుస్తున్నాడు. వాడి నోరు చూసి అరుస్తున్నాడని తెలిసింది. ఇందుమతి స్టోరు గది తలుపు పక్కనే కూర్చుని సిరంజిలు అందిస్తోంది. నాకు ఆ ఏడుపంతా ఏటి అవతల ఎవరో ఏడుస్తున్నట్టే ఉంటుంది. అది నీకు ఇదివరకు చెప్పలేదు.

అందులోంచి నీ గేదె మూలిగింది.

నేను చేతిలో బిడ్డని తల్లికిచ్చి లేచాను. ఇంకెవరూ లేవలేదు. ఇందుమతి తల కూడా ఎత్తలేదు. స్టోరు గదిలోకి వెళ్ళి చూస్తే ఫ్రిజ్ తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది. హడావిడిలో ఐసు పెట్టె అడ్డం పడింది. థర్మామీటరు అప్పుడే తొమ్మిది దాటుతోంది. మందులన్నీ ఐసు పెట్టెలోకి మార్చి, తలుపు గట్టిగా వేశాను. ఒక్క సీసా పాడవలేదు.

బయటికొచ్చేసరికి డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. సంగతి చెప్పాను. లోపలికి వెళ్ళి డబ్బా చూసింది, ఎర్ర దీపం చూసింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "ఇంత గోలలో నాకు వినపడలేదు, ఇందుమతికి వినపడలేదు, మీకెలా వినిపించింది సిస్టర్?" అంది.

సన్యాసయ్య అక్కడే ఉన్నాడు, ఇందుమతి ఉంది, తల్లులు ఉన్నారు. అయినా డాక్టరమ్మ మొహం చూస్తూ చెప్పాను. "నాకు ఈ గోల వినపడదు డాక్టరమ్మా. అందుకే అది వినిపించింది."

ఆమె వరసలో ముందున్న బిడ్డని తల్లి దగ్గరనుంచి తీసుకుని నా చేతికిచ్చింది.

నీ అక్క,
యూనిస్